సైంటిస్టు గారి దాణా తిన్న దూడలు

నా పేరు, ఇంటిపేరు, భర్త పేరు పైన రాసుకున్నారు కనుక మళ్లీ చెప్పను. వయసు నలభై నాలుగు. వృత్తి అన్నచోట ఈ పోలీసు స్టేషను గుమాస్తా గారు నన్ను అడగకుండానే గృహిణి అని రాశారు. దాన్ని కొట్టేయించి పాల వ్యాపారం అని రాయించాను. మా పాలశాలలో పాలు కొలిచి తీసుకునేది, వెన్న శాతం చూసేది, చల్లబరిచే యంత్రం నడిపేది, క్యాన్లు కడిగించి బండికెక్కించేది నేనే.

మా ఆయన వృత్తి కూడా అడిగారు. అది చెప్పడం కష్టం. పెళ్లినాటికి గోడల రంగులు అమ్మేవాడు. ఆ తరువాత నీటి మోటార్లు, ఆ తరువాత దోమతెరలు. తరువాత కొన్నాళ్లు ఏమీ అమ్మకుండా ఖాళీగా ఉండి, ఆ ఖాళీలోనే ఫోనులో వీడియోలు చూసి పశువుల పోషణ నేర్చుకున్నాడు. ఒక హోటల్లో పెట్టిన శిక్షణకు పోయి, గోడకు తగిలించుకునే కాగితం ఒకటి తెచ్చుకున్నాడు. అప్పటినుంచి ఆయన్ని అందరూ సైంటిస్టు అంటారు. మొదట అన్నవాడు వెటకారంగానే అన్నాడు. మా ఆయనకు వెటకారం అర్థం కాదు. ఆ మాటతో గుమ్మానికి బోర్డు పెట్టించుకున్నాడు.

ఇంకొక సంగతి. మా ఆయన గురించి నేను 'అన్నాడు' అంటుంటే గుమాస్తా గారు 'అన్నారు' అని రాస్తున్నారు. నేను అన్నది అన్నట్టే రాయమని కోరుతున్నాను.

ఆవులు మా అత్తగారివి. ఆవిడ పోషించి పెంచిన మందే ఇప్పుడు మా అందరికీ తిండి పెడుతోంది. దూడలకు విషం పెట్టిందని మీరు పట్టుకుని ఉంచిన మనిషిని మేము దూడలమ్మ అంటాం. నేను కాపురానికి రాకముందు నుంచి మా అత్తగారి దగ్గర ఉంది. దూడల కొట్టం పక్క గదిలోనే ఆవిడ ఉండేది. ఈనిన ఆవు దగ్గరినుంచి దూడను తెచ్చి, తుడిచి, పాలు పట్టి, గడ్డి మేసేదాకా సాకడం ఆవిడ పని. మనుషులతో ఆవిడకు పెద్దగా మాటలు లేవు. నాతోనూ అంతే. పాలు పట్టేటప్పుడు మాత్రం దూడల్ని తిడుతూ ఉంటుంది. 'తాగు, నీ మొహానికి ఇంకెవరు తెచ్చిస్తారే' అంటుంది. ఆ తిట్లు పాల గదిలోకి వినబడతాయి. ఇప్పుడు నాలుగు రోజులుగా వినబడటం లేదు.

పత్తి గింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్కను మా పాడి ఆవులకు ఎప్పటినుంచో పెడుతున్నాం. ఎదిగిన ఆవులకు మితంగా పెడితే అది మంచి దాణానే. ఈ మాట స్పష్టంగా రాయండి. తరువాత మా ఆయన పట్టుకుని వేలాడిన వాదన ఇదొక్కటే.

చలికాలం చివర్లో నూనె మిల్లులో చెక్క ఒక మూల గుట్టగా పేరుకుపోయింది. గింజను ఉడికించకుండా, వేడి తగలనివ్వకుండా పచ్చిగా ఆడించిన చెక్క అది. ఎవరూ తీసుకుపోవడం లేదు. మిల్లు ఆయనా మా ఆయనా స్నేహితులు. ఇద్దరూ మిల్లు అరుగు మీద కూర్చుని ఒక సాయంత్రం ఆలోచించారు. ఇద్దరు కలిసి ఆలోచిస్తే ఒక మనిషి ఆలోచించినంత కూడా అవదని నాకు ముందే తెలుసు. మర్నాటికి దూడల దాణా పుట్టింది. ఆ చెక్కను పొడి చేసి, బెల్లపు మడ్డి, ఉప్పు కలిపి సంచుల్లో నింపారు. సంచి మీద గంతులేస్తున్న దూడ బొమ్మ, పక్కన మా ఆయన బొమ్మ. దూడ కంటే ఆయన బొమ్మ పెద్దది.

దూడలకు పాలు బాగా తగ్గించి, ఆ లోటు ఈ దాణాతో పూడ్చాలని మా ఆయన దూడలమ్మకు చెప్పాడు. 'పాలు తాగే దూడలకు చెక్క ఏమిటి బాబూ' అని ఆవిడ అడిగింది. 'నువ్వు పేడ సంగతి చూసుకో, పోషణ సంగతి నేను చూసుకుంటా' అన్నాడు. ఈ మాట అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. నేనూ అడ్డు చెప్పాను. పాలు తగ్గిస్తే దూడలు నిలవవని అన్నాను. నాకు తెలిసింది అంతవరకే. చెక్కలోనే ఏదో ఉందని నాకు తెలియదు, దూడలమ్మకు తెలియదు. అందరికీ అన్నీ తెలియవు. తెలియనప్పుడు తెలిసినవాళ్లను అడుగుతాం. మా ఆయన అడగడు. తెలియకపోవడం అనేది ఆయన దృష్టిలో పక్కవాళ్లకు ఉండే జబ్బు.

తీపికి దూడలు ఎగబడి తిన్నాయి. మూతులకు పిండి అంటుకుని, అది ఎండి, మీసాల్లా ఉండేది. మా ఆయన ఫొటోలు తీసి అందరికీ పంపాడు. కొన్ని వారాలు అలాగే గడిచాయి. చుట్టుపక్కల చాలా ఇళ్లకు సంచులు వెళ్లాయి.

తరువాత దూడల బొచ్చు బిరుసెక్కింది. తిండి వదిలేశాయి. తొట్టి దాకా నాలుగడుగులు వేస్తే నిలబడి రొప్పేవి. గొంతు కింద నీరు దిగి తిత్తిలా వేలాడేది. దూడ పడుకుని ఉంటే పక్క డొక్కలు కొలిమి తిత్తుల్లా ఆడేవి. ఎండ లేదు, పరుగు లేదు, ఊరికే పడుకునే రొప్పుతుండేవి. నేను పాల గదిలో పని ముగించి కొట్టంలోకి వెళితే మొదట వినబడేది ఆ రొప్పే.

మొదటి దూడ ఉదయం లేచేసరికి చచ్చి ఉంది. పాము కరిచిందని మా ఆయన తేల్చాడు. గాటు ఎక్కడా లేదు. కొన్ని పాములు గాటు పడకుండా కరుస్తాయన్నాడు. రెండోది పోయినప్పుడు చలి అన్నాడు. చలి అప్పటికే పోయింది. మూడోది పోయినప్పుడు దూడలమ్మ కొట్టం సరిగా కడగడం లేదన్నాడు. ఆ కొట్టం నేల మా ఇంట్లో ఆయన పడుకునే గది కంటే శుభ్రంగా ఉంటుంది. ఆ గది ఊడ్చేది నేనే కనుక ఈ మాట పూచీపడి చెబుతున్నాను.

ఆ గురువారం నేను ఆయనకు చెప్పకుండా పశువుల డాక్టరమ్మకు ఫోను చేశాను. ఉదయం పదకొండు గంటలకు వచ్చింది. అప్పుడే పోయిన దూడ ఒకటి వెనక దొడ్లో ఉంది. అక్కడే గోనె పరిచి కోసి చూసింది. నేను పక్కనే నిలబడి నీళ్లు పోశాను. ఛాతీ తెరవగానే గడ్డి రంగు నీళ్లు బకెట్టుకు పైగా కారాయి. అంత చిన్న ఛాతీలో అన్ని నీళ్లు ఎలా పట్టాయో నాకు అర్థం కాలేదు. గుండె ఉబ్బి, సడలి, నీళ్లు పోసిన సంచిలా అరచేతిలో వాలిపోయింది. కాలేయం మీద మచ్చలు పడ్డాయి. డాక్టరమ్మ చేతులు కడుక్కుని, ఈ దూడలు ఏం తింటున్నాయని అడిగింది. సంచి చూపించాను. పిండి చేతిలోకి తీసుకుని, ఏ మిల్లుది, వేడి చేశారా లేదా అని అడిగింది. చెప్పాను.

అప్పటికి మా ఆయన వచ్చాడు. డాక్టరమ్మ ఆయనకు నిదానంగా, చిన్న పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. పత్తి గింజలో గాసిపాల్ అనే పదార్థం ఉంటుందట. గింజను పురుగు తినకుండా కాపాడేది అదేనట. పెద్ద ఆవుకు నెమరువేసే పొట్ట ఎదిగి ఉంటుంది కనుక చాలా వరకు అందులోనే దాని కోర విరిగిపోతుందట. పాలు తాగే దూడకు ఆ పొట్ట ఇంకా ఎదగదట. అది నేరుగా ఒంట్లోకి పోయి, వారాల తరబడి పేరుకుని, గుండెను కుళ్లబొడుస్తుందట. పందులకైనా కోళ్లకైనా అంతేనట. ఈ దాణా ఈ క్షణమే ఆపమంది. ఆపినా కొన్ని పోవచ్చునని, దెబ్బతిన్న గుండె వెంటనే బాగుపడదని చెప్పింది. మిగిలిన దూడల్ని కదిలించవద్దని, ముఖ్యంగా పరిగెత్తించవద్దని రెండుసార్లు చెప్పింది. రెండోసారి దూడలమ్మ వైపు తిరిగి చెప్పింది.

మా ఆయన అంతా విని, 'ఆవులు తింటున్నాయి కదండీ, వాటికి లేని రోగం దూడలకెందుకు వస్తుంది?' అన్నాడు.

డాక్టరమ్మ, 'మీరు తినే మిరపకాయ కారం ఉయ్యాల్లో పిల్లకు పెడతారా?' అంది.

'అది వేరు' అన్నాడు.

డాక్టరమ్మ పిండి నమూనా, గుండె ముక్క, పొట్టలోది కొంత సీసాల్లో పోసుకుని పరీక్షకు పంపిస్తానని వెళ్లిపోయింది. ఆవిడ బండి గేటు దాటగానే, ఆడ డాక్టర్లకు పెద్ద పశువుల అనుభవం ఉండదని మా ఆయన నాతో అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు దూడ నెత్తురు కారిన గోనె మీద నిలబడి ఉన్నాడు. చూసుకోలేదు.

ఆ పూటనుంచే నేనూ దూడలమ్మా దాణా ఆపేసి పాలు పెంచాం. శనివారం మా ఆయనకు తెలిసిపోయింది. ఎందుకంటే ఆదివారం ఆయన ఒక సభ పెట్టుకుని, దానికి దూడల్ని సిద్ధం చేయించడానికి కొట్టంలోకి వచ్చాడు. దాణా కొన్నవాళ్లూ కొనబోయేవాళ్లూ మా ఇంటికి వచ్చి దూడల్ని చూసేటట్టు, ఆయన మాట్లాడేటట్టు ఏర్పాటు. దూడలమ్మను కొట్టం ముందు నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టాడు. తనే సంచి విప్పి తొట్టిలో పోశాడు. తినని దూడ మూతి పట్టుకుని పిండిలోకి నొక్కాడు. సభ మానుకోమని నేను చెప్పాను. 'నలుగురిలో నా పరువేం కావాలి?' అన్నాడు. నలుగురిలో ఆయనకు పరువు ఉందని అనుకుంటున్నాడని నాకు ఆ రోజే తెలిసింది.

ఆదివారం ఉదయం పది గంటలకు మా వాకిట్లో కుర్చీలు వేయించాడు. లౌడుస్పీకరు తెప్పించాడు. ముప్పై మంది దాకా వచ్చారు. మిల్లు ఆయన ముందు వరుసలో కూర్చున్నాడు. మా అత్తగారు వరండాలో ఉన్నారు. మా ఆయన మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. దూడ అంటే రేపటి ఆవు అన్నాడు. ఇది చెప్పడానికి శిక్షణ అవసరం లేదు. చివరికి ఎవరో వెనకనుంచి, మీ దూడలు చచ్చిపోతున్నాయట నిజమేనా అని అడిగారు. అడిగింది కుట్టుపని చేసే ఆవిడ. ఆవిడ కూడా సంచి తీసుకువెళ్లింది.

మా ఆయన నవ్వాడు. ఎంత చురుగ్గా ఉన్నాయో మీరే చూడండని కొట్టంలోంచి ఒక దూడను విప్పుకు వచ్చాడు. ఎర్రటి పెయ్య. నుదుటి మీద తెల్ల మచ్చ. మిగిలినవాటిలో అదే కాస్త తేరుకుంటోంది. ముందురోజు సాయంత్రం దూడలమ్మ చేతినుంచి సీసాడు పాలు పూర్తిగా తాగింది.

దూడలమ్మ వెనకాలే వచ్చింది. అంతమందిలో మాట్లాడే మనిషి కాదు. అయినా మాట్లాడింది. 'వద్దు బాబూ. పరిగెత్తించొద్దని డాక్టరమ్మ చెప్పింది. నీ కాళ్లు పట్టుకుంటా, నడిపించి తీసుకుపో చాలు' అంది.

మా ఆయన మైకులోనే, 'ఈవిడకు దూడంటే ఒళ్లో కూర్చోబెట్టుకునే బొమ్మ' అన్నాడు. కొందరు నవ్వారు. పలుపు చేతికి చుట్టుకుని, వెనకనుంచి కర్రతో తట్టి, దూడను వాకిలి చుట్టూ పరిగెత్తించాడు. మైకు తీగ వెనకాల ఈడ్చుకుంటూ వచ్చింది. ఒక చుట్టు తిరిగింది. చూశారా చూశారా అన్నాడు. రెండో చుట్టులో నా ముందునుంచి వెళ్లింది. నోరు తెరిచి ఉంది. నాలుక బయటికి వచ్చింది. మూతికి పిండి ఎండి అలాగే ఉంది. మూడో చుట్టు సగంలో ముందు మోకాళ్ల మీద కూలబడి, పక్కకు ఒరిగింది.

మా ఆయన దాన్ని లేపడానికి వంగాడు. చేతిలో మైకు అలాగే ఉంది. దూడ ఊపిరి లౌడుస్పీకరులోంచి వాకిలంతా వినబడింది. అందరూ విన్నారు. తరువాత అది వినబడలేదు.

మైకు ఆపండి అని ఎవరో అన్నారు. దూడలమ్మ వచ్చి దూడ పక్కన కూర్చుని, చీర కొంగుతో దాని మూతికి అంటిన పిండి తుడవడం మొదలుపెట్టింది. మా ఆయన ఆవిడ వైపు చూశాడు. అప్పటిదాకా ఆయన మొహంలో భయం ఉంది. ఆవిడను చూశాక భయం పోయింది. ఎత్తు దొరికిన మొహం నాకు తెలుసు. దోమతెరలు అమ్మే రోజుల్లో చిరిగిన సరుకు నెపం కూలీ మీద పెట్టినప్పుడూ అదే మొహం.

'నిన్న తిట్టానని కక్ష పెట్టుకుని నీళ్లలో విషం కలిపావు కదూ?' అని మైకులోనే అన్నాడు.

దూడలమ్మ తలెత్తలేదు. మూతి తుడుస్తూనే ఉంది. నేను లేచి, దూడలు దాణా వల్ల చచ్చిపోతున్నాయని, డాక్టరమ్మ గురువారమే చెప్పిందని, ఇంట్లో సంచులు ఉన్నవాళ్లు దూడలకు పెట్టవద్దని అందరికీ వినబడేటట్టు చెప్పాను. మైకు నా దగ్గర లేదు. వినబడినవాళ్లకు వినబడింది. మిల్లు ఆయన అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

జనం పోయాక నేను పాల గదిలోకి వెళ్లాను. దూడ చచ్చిపోయినా ఆవులు పాలిస్తాయి, క్యాన్లు కడగాలి. ఆ గది కిటికీలోంచి సామాన్ల గదికీ దూడలమ్మ గదికీ మధ్య ఉన్న దారి పూర్తిగా కనబడుతుంది. దూడలమ్మ అప్పటికి వాకిట్లోనే దూడ దగ్గర ఉంది. మా ఆయన సామాన్ల గదిలోంచి తువాలు కింద ఏదో పట్టుకుని వచ్చి, దూడలమ్మ గదిలోకి వెళ్లి, ఖాళీ చేతులతో బయటికి రావడం నేను చూశాను. తువాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. కిటికీ వైపు చూడలేదు. పాల గదిలో ఎవరో ఒకరు పనిచేస్తుంటారన్న సంగతి ఆయనకు ఎన్నడూ తట్టలేదు.

మధ్యాహ్నం పోలీసులు వచ్చారు. ఆయనే పిలిచాడు. దూడలమ్మ గది వెతకమని ఆయనే చెప్పాడు. మంచం కింద పిడుదుల మందు డబ్బా దొరికింది. అది మా సామాన్ల గదిలోది. ఆవుల ఒంటి మీది పిడుదులకు వాడటానికి నేనే కొన్నాను. పాల గదిలోకి తేవద్దు అని నా చేతిరాతతో అంటించిన చీటీ దాని మీద అలాగే ఉంది. మూత సీలు తీయలేదు.

మళ్లీ చెబుతున్నాను, సీలు తీయలేదు. ఒక మనిషిని జైలుకు పంపాలనుకున్నవాడు, మూత తిప్పి కాస్త పారబోసే పాటి శ్రమ కూడా పడలేదు. రంగుల వ్యాపారం ఎందుకు పోయిందో, మోటార్ల వ్యాపారం ఎందుకు పోయిందో మీకు దీన్నిబట్టి అర్థమవుతుంది. హెడ్ కానిస్టేబుల్ గారికి సీలు చూపించాను. డాక్టరమ్మ కోసి చూసిన సంగతి చెప్పాను. అవన్నీ తరువాత చూద్దాం లెండమ్మా అన్నారు. డబ్బాను గుడ్డలో కట్టుకుని, దూడలమ్మను జీపు ఎక్కించారు. ఆ డబ్బా మీ దగ్గరే ఉండాలి. ఇప్పుడు తెప్పించి మూత చూడమని కోరుతున్నాను.

ఆ సాయంత్రం మా ఆయన నా పక్కన కూర్చుని మెత్తగా మాట్లాడాడు. మెత్తగా మాట్లాడుతున్నాడంటే ఏదో అమ్మబోతున్నాడని అర్థం. దూడలమ్మ నీళ్ల తొట్టి దగ్గర ఏదో కలుపుతుండగా చూశానని నేను చెప్పాలట.

'ఆవిడకేముంది, ముందూ వెనకా ఎవరూ లేరు. కొన్నాళ్లుండి వచ్చేస్తుంది. నా పేరు పోతే మళ్లీ వస్తుందా?' అన్నాడు.

'వచ్చేదాకా దూడలకు పాలెవరు పడతారు?' అని అడిగాను.

'ఇంకెక్కడి దూడలు' అన్నాడు.

ఆ మాట ఆయన బాధతో అనలేదు. లెక్క తేలిపోయినట్టు అన్నాడు. కొట్టంలో అప్పటికి ఇంకా నాలుగు దూడలు ఊపిరితో ఉన్నాయి. ఆ సంగతి ఆయనకు తెలియదు. నేను లేచి వాటికి పాలు పట్టడానికి వెళ్లాను. నాకు దూడలమ్మలా తిట్టడం రాదు. ఒకటి తాగలేదు.

సోమవారం పాల బండిలో తిరిగి సంచులు వెళ్లిన ఇళ్లకు వెళ్లాను. కొందరు అప్పుడే దొడ్లో పారబోశారు. ఒకాయన, మా దూడ నిగనిగలాడుతోంది, మీ మొగుడూ పెళ్లాల గొడవలు మా ఇంటికి తేవద్దన్నాడు. కుట్టుపని ఆవిడ ఇంటికి చివర వెళ్లాను. ఆవిడకు ఒక్క ఆవు, ఒక్క దూడ. మిషను పక్కనే పాత దుప్పటి మీద దూడ పడుకుని రొప్పుతోంది. ఆవిడ ఒక కాలితో మిషను తొక్కుతూ, ఇంకో కాలి మడమను దూడ వీపుకు ఆనించి కూర్చుంది. డాక్టరమ్మ చెప్పినవన్నీ చెప్పాను. అంతా విని, 'చిన్నదాని నోటికి మంచిదని మీ ఆయన చెబితేనే కదమ్మా, నా వాటా పాలు కూడా అమ్ముకుని ఇది పెట్టాను' అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. డాక్టరమ్మకు అక్కడినుంచే ఫోను చేశాను. ఆవిడ వచ్చి సూది వేసింది. బతుకుతుందని మాత్రం చెప్పలేదు.

మంగళవారం మా అత్తగారు పాల గదిలోకి వచ్చారు. మోకాళ్ల నొప్పులతో ఆవిడ అంత దూరం నడిచి చాలాకాలమైంది. క్యాను బోర్లించి దాని మీద కూర్చున్నారు. ఆవిడకు అంతా తెలుసు. వరండాలో కూర్చుని ఆవిడ కూడా ఆ ఊపిరి విన్నారు.

'వాడు నా కొడుకు. నా నోటితో నేను చెప్పలేను. చెప్పమని నన్నడగకు' అన్నారు.

అడగనని చెప్పాను.

'నువ్వు ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ నిన్ను పరాయి పిల్ల, పరాయి పిల్ల అని ఎన్నోసార్లు అన్నాను. పరాయిదానివే కదా. వెళ్లి చెప్పు' అన్నారు.

నా పెళ్లయ్యాక మా అత్తగారు నాకు ఇచ్చినవాటిలో నేను కాదనకుండా తీసుకున్నది అదొక్కటే.

ఇవాళ బుధవారం. నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది మా ఆయనే. సాక్ష్యం చెబుతానని నేనే అన్నాను. ఏం సాక్ష్యమో అనలేదు. ఆయన అడగలేదు. నేను వేరే ఏదైనా చెప్పగలనన్న ఊహ ఆయనకు రాదు. దారిలో బండి ఆపి, నేను చెప్పవలసింది నాచేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. చెప్పాను. దూడలమ్మ చేతిలో ఉన్న బకెట్టు రంగు తప్పు చెప్పానట. నీలం కాదు, ఎరుపు అనాలట. ఎరుపు అన్నాను. మెచ్చుకున్నాడు.

ఇప్పుడు వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇందాక మీరు కాగితం తిప్పుతున్నప్పుడు కిటికీలోంచి తొంగి చూసి, అయిందా అన్నట్టు తల ఊపాడు. నేనూ ఊపాను.

ఇలా చెప్పమని నన్ను ఎవరైనా బలవంతపెట్టారా అని అడిగారు. లేదు. ఇలా కాకుండా మరోలా చెప్పమన్న మనిషి ఒక్కడే, ఆయన ఎక్కడున్నాడో చెప్పాను. పైన ఉన్నదంతా నాకు చదివి వినిపించారు. నేను చూసిందీ, నేను విన్నదీ, నాతో అన్నదీ తప్ప ఇందులో మరొక మాట లేదు. తీసేయవలసింది లేదు. ఇది నిజమని ఒప్పుకుని, సొంత చేత్తో సంతకం చేస్తున్నాను.

సంతకం చేశాక ఈ కాగితం ఆయనకు కూడా చదివి వినిపించాలని నా కోరిక. నెమ్మదిగా చదవండి, ఆయనకు ఒకసారి చెబితే ఎక్కదు. నేను ఆయన బండి ఎక్కను. దూడలమ్మను ఎన్ని గంటలకు వదిలితే అన్ని గంటలకు ఆవిడతో కలిసి నడిచి వెళతాను.

(సంతకం)